మాట వస్తోందా, బొమ్మే పోయిందా?

టీవీ పోయిందని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒక్కటే. "మాట వినపడుతోందా?"

వినపడుతోందంటే సగం దిగులు తీరినట్టే. ఎందుకో వివరంగా చెప్పుకుందాం. మన ఇళ్లలో టీవీ ఆగిపోయిన గంటలోపే తీర్పు వచ్చేస్తుంది. నాకు బాధ కలిగేది అక్కడే. "కొని ఆరేళ్లయింది, దాని పని అయిపోయింది, పండగ ఆఫర్లున్నాయి, కొత్తది తెచ్చేద్దాం" అంటారు ఒకరు. "రెండు వేలు పెడితే నడుస్తుంది, ఊరికే డబ్బు తగలేస్తారెందుకు" అంటారు ఇంకొకరు. దానికి అసలేమైందో ఇద్దరిలో ఎవరికీ తెలీదు. నాడి చూడకుండా మందు రాసినట్టుంటుంది ఆ వాదన. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గుతుంది. ఆ టీవీతో అందరికన్నా ఎక్కువ పని ఉండే అత్తగార్లని, అమ్మల్ని, మనల్ని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి ముచ్చట్లకి ఈ సంగతి పెట్టుకున్నాను చెల్లెళ్లూ. టీవీకి ఏమైందో చాలావరకు మనమే కనిపెట్టగలం. స్క్రూడ్రైవర్ ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకోవద్దు కూడా. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి పవర్ బోర్డులో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది.

ముందు చిన్నచిన్నవి చూసేయండి. "నో సిగ్నల్" అని తెర మీద కనిపిస్తోందంటే టీవీ బాగానే ఉందని అర్థం. సెట్‌టాప్ బాక్సో, వైరో, అయిపోయిన రీఛార్జో చూసుకోవాలి. లేదంటే పిల్లలు గేమ్ పెట్టుకుని ఇన్‌పుట్ మార్చి వదిలేసి ఉంటారు. ఎర్రలైటే వెలగకపోతే ఆ ప్లగ్గులో సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి, ప్లగ్గు పాయింటు సంగతి తేలిపోతుంది. పాయింటు బాగుండి ఎర్రలైటు రాకపోతే పవర్ బోర్డు మీద అనుమానం. కంపెనీ పేరు వచ్చి అక్కడే ఆగిపోవడమో, ఆరిపోయి మళ్లీ మొదటికి రావడమో జరుగుతుంటే మదర్ బోర్డో, లోపలి సాఫ్ట్‌వేరో. ఒకసారి ప్లగ్గు పూర్తిగా లాగేసి, ఐదు పది నిమిషాలు ఆగి పెట్టండి. దాంతోనే లేచి కూర్చునేవీ ఉంటాయి. కొన్ని కంపెనీల టీవీల్లో ఎర్రలైటు ఎన్నిసార్లు మిణుకుమంటుందో దాన్నిబట్టి లోపం ఏమిటో చెబుతారు. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, మెకానిక్కి చూపించడానికి పనికొస్తుంది.

ఇక మాట వస్తూ బొమ్మ రాకపోవడం. ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా ఉన్న ఎల్ఈడీ టీవీలో బొమ్మ కట్టేది ముందుండే ప్యానెల్. కానీ దానికి సొంత వెలుగు లేదు. దాని వెనక చిన్నచిన్న ఎల్ఈడీ బల్బులు అతికించిన పట్టీలుంటాయి, బ్యాక్‌లైట్ స్ట్రిప్స్ అంటారు. ఆ వెలుగు ప్యానెల్ గుండా వస్తేనే మనకి బొమ్మ కనపడుతుంది. పట్టీలో బల్బులన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి మాడిపోయినా వరసంతా ఆరిపోవచ్చు. అప్పుడు బొమ్మ వస్తూనే ఉంటుంది, చీకట్లో ఉండటం వల్ల మనకి కనపడదు.

మా ఆడపడుచు తెనాలిలో ఉంటుంది. ఆషాఢంలో ఒక రోజు ఫోన్ చేసి, "వదినా, టీవీ పోయింది, మెకానిక్ వచ్చి డిస్‌ప్లే పోయిందమ్మా, మార్చాలన్నాడు, అంత పెట్టేకన్నా కొత్తది కొనుక్కోమన్నాడు" అంది. మాట వస్తోందా అంటే వస్తోందంది. "రాత్రి గదిలో లైట్లన్నీ తీసేసి, టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చి తెరకి దగ్గరగా కొంచెం ఏటవాలుగా పట్టి చూడమ్మా" అన్నాను. చూసింది. టార్చి వెలుగు పడిన మేర వార్తలు చదివే అమ్మాయి ముఖం మసగ్గా కదులుతూ కనపడింది. అంటే ప్యానెల్ బాగుంది, వెనక లైట్లే పోయాయి. మెకానిక్ అబద్ధమేమీ చెప్పలేదు. చాలామంది మెకానిక్కులకి బొమ్మ కనపడని ప్రతిదీ డిస్‌ప్లే పోవడమే. కాబట్టి ఆ మాట విన్నప్పుడు మనం అడగాల్సింది, "ప్యానెల్ పోయిందా, లోపలి లైట్లు పోయాయా?" అని. ఈ రెండింటికీ ఖర్చులో ఉన్న తేడా మామూలుది కాదు. లైట్లయితే మామూలు సైజు టీవీకి రెండు మూడు వేల దగ్గర తేలిపోతుంది. ప్యానెల్ అయితే టీవీ ధరలో సగానికి పైన దానికే పోతుంది.

ఆ లైట్లు మార్చేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. మంచం మీద దుప్పటి మడతపెట్టి వేసి, టీవీని బోర్లా పడుకోబెట్టి వెనక డబ్బా విప్పారు. తర్వాత తిప్పి, చుట్టూ ఉన్న అంచు తీసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ప్యానెల్ లేపారు. ఎంత పల్చగా ఉంటుందో దాన్ని చూస్తేగానీ తెలీదు. లేపుతుంటే మధ్యలో కొద్దిగా వంగింది. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. దాని కింద పాలతెలుపు పలకలు, కాగితాల్లాంటి తెల్లటి పొరలు. అవి తీస్తే వరసగా పట్టీలు, ప్రతి బల్బు మీదా గుండ్రటి చిన్న ప్లాస్టిక్ మూత. మూడో పట్టీలో ఒక మూత లోపల గోధుమరంగుగా మాడి ఉంది. ఇంత పెద్ద టీవీ మూలపడింది కందిగింజంత బల్బు వల్ల.

ఇక్కడ రెండు సంగతులు గట్టిగా చెబుతాను. మాడిన బల్బు ఒక్కటే మార్చి చౌకలో చేస్తామంటే ఒప్పుకోకండి. మిగతావీ అన్నేళ్లూ వెలిగినవే, కొన్ని నెలల్లో ఇంకోటి పోవచ్చు. పట్టీలన్నీ కొత్త సెట్టు వేయించండి. రెండోది, లేపేటప్పుడు ప్యానెల్ విరిగితే ఎవరి బాధ్యత అని విప్పకముందే మాట్లాడుకోండి. మొహమాటపడొద్దు. పని తెలిసినవాళ్లు ఆ ప్రశ్నకి కోప్పడరు. 55 అంగుళాల టీవీని ఒక్కడే వచ్చి విప్పుతానంటే ఇంకొకరిని వెంటపెట్టుకుని రమ్మనండి. బాగయ్యాక సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాక్‌లైట్ తగ్గించుకోండి. దుకాణంలో మిరుమిట్లు గొలపడానికి పెట్టే ఆ వివిడ్ మోడ్ మన హాల్లో అక్కర్లేదు. నిండా వెలిగే లైట్లు తొందరగా మాడతాయి.

పవర్ బోర్డు కూడా బాగుచేయించదగ్గదే. ఎక్కువసార్లు అందులో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి, పైభాగం చదునుగా ఉండాల్సింది కొంచెం పొంగినట్టు ఉంటుంది. చేయి తిరిగిన మెకానిక్ అవి మార్చి ఇస్తాడు. కంపెనీ సర్వీసు వాళ్లు మాత్రం బోర్డు బోర్డంతా మార్చేస్తారు, ఖర్చు పెరుగుతుంది. కంపెనీ ఆ మోడల్ మానేసి ఉంటే బోర్డు దొరక్క "రావట్లేదండీ" అనేస్తారు. అంతటితో ఆశ వదులుకోకండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి విడిభాగాలు దొరికే కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. టీవీ వెనక అంటించిన కాగితం మీద మోడల్ నంబరు ఉంటుంది, దాన్ని ఫోటో తీసి మెకానిక్కి పంపితే సరిపోయే బోర్డు ఉందో లేదో అక్కడ అడిగి చెబుతాడు.

మరి వదిలేయాల్సినది ఏది? ప్యానెల్ పగిలినది. పిల్లాడు బంతి విసిరాడు, తెర మీద సాలెగూడులా చీలింది, నల్లటి మరక పాకుతోంది. వారంటీలో ఉన్నా దీనికి పైసా రాదు, చేజేతులా అయిన దెబ్బని వారంటీ కిందికి తీసుకోరు. నిలువు గీతలు వచ్చి రోజురోజుకీ పెరుగుతుంటే అదీ చాలావరకు ప్యానెల్ అంచున ఉండే పల్చటి కనెక్షన్ల దోషమే. వాటిని మెషిన్ మీద మళ్లీ అతికించే దుకాణాలు పెద్ద ఊళ్లలో ఉన్నాయి. ఏడెనిమిదేళ్ల టీవీకి ఆ ఖర్చు పెట్టమని మాత్రం నేను చెప్పను. ఒక గీత పోతే పక్కన ఇంకోటి వస్తుందేమోనన్న భయం తీరదు.

ఆ గీతలకి మనమే కారణమయ్యే సందర్భం ఒకటుంది. దసరాకో సంక్రాంతికో బూజులు దులిపి ఇల్లు కడుక్కుంటాం కదా, ఆ ఊపులో అద్దాలు తుడిచే స్ప్రే టీవీ తెర మీద నేరుగా కొడతాం. అది జారి కింది అంచులోకి దిగుతుంది. ఆ పల్చటి కనెక్షన్లు చాలా టీవీల్లో ఉండేది సరిగ్గా అక్కడే. మెత్తటి పొడిగుడ్డ చాలు. జిడ్డు వేలిముద్రలుంటే గుడ్డని కొద్దిగా తడిపి, గట్టిగా పిండి తుడవండి. పనిమనిషికీ ఈ మాట చెప్పండి, ఆవిడకి ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఇంకో జాగ్రత్త. ఉరుములు మెరుపులు మొదలైనప్పుడు టీవీ ప్లగ్గు తీస్తే సరిపోదు, కేబుల్ వైరో డిష్ వైరో అదీ ఊడదీయాలి. పిడుగు దూరంగా పడ్డా ఆ తీగ వెంట వచ్చి మదర్ బోర్డుని మాడ్చేయగలదు.

మన దగ్గర టీవీ అంటే బాగుచేయించుకునే వస్తువుగానే మొదలైంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ చూపించే సైట్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు ఎంచుకుంటే వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. ఆ సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. కోళ్లగూటికి కట్టే ఇనపవలతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా పెట్టి, ఊరంతా ఒకే టీవీ ముందు కూర్చుని చూశారు. అది ఆగితే బాగుచేసేవాళ్ల కోసం ఎదురుచూడటమే, ఇంకోటి తెచ్చి పెట్టేవాళ్లెవరు? ఆ తర్వాత చెక్క షట్టరు టీవీల కాలంలోనూ అంతే. మెకానిక్ సంచీ పట్టుకుని ఇంటికొస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లం. ఆ కుర్చీలోనే సోల్డరింగ్ చేసి వెళ్లేవాడు. ఇప్పుడు టీవీలు చౌకయ్యాయి, పని నేర్చిన చేతులు తగ్గాయి. మన వీధిలో ఆ పని తెలిసినవాళ్లు ఒక్కరున్నా వాళ్లకి చేతినిండా పని ఇవ్వాలని నా కోరిక.

బొమ్మ, మాట రెండూ బాగున్నా "పాతబడింది" అని మార్చే ఇళ్లు కూడా చూస్తున్నాను. యాప్‌లు తెరుచుకోవు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, సినిమా సగంలో ఆగిపోతుంది. టీవీ లోపలి స్మార్ట్ భాగం ముసలిదైంది, ప్యానెల్ కాదు. హెచ్‌డీఎంఐలో గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొంటే ఆ టీవీయే మళ్లీ చురుగ్గా నడుస్తుంది. కొత్త టీవీ ఖర్చులో అది ఎన్నో వంతు! కరెంటు బిల్లు తగ్గుతుందని కొత్తది కొంటామనేవాళ్లకీ చెబుతున్నాను, పాత డబ్బా టీవీ నుంచి మారితే తేడా కనపడుతుంది. ఎల్ఈడీ నుంచి అదే సైజు ఎల్ఈడీకి మారితే కొన్న డబ్బు రాబట్టుకునేంత ఏమీ ఉండదు.

ఇప్పుడు నా మనసులో ఎక్కువగా ఉన్న మాట. మా అత్తగారికి మధ్యాహ్నం ఎస్వీబీసీ ఛానల్లో శ్రీవారి కల్యాణోత్సవం చూడటం అలవాటు. అప్పటికి అన్నం తినేసి, కళ్లజోడు తుడుచుకుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆవిడకి రిమోట్ మీద అక్షరాలు కనపడవు. వేలికి మాత్రం దారి తెలుసు. పైన కుడివైపు ఎర్ర మీట, కింద మూడు నంబర్లు. అలాంటి మనిషి ముందు కొత్త స్మార్ట్ టీవీ పెడితే ఏమవుతుంది? ఆన్ చేయగానే తెరనిండా యాప్‌ల బొమ్మలు, సినిమాల ప్రకటనలు. అందులోంచి సెట్‌టాప్ బాక్స్ దగ్గరికి వెళ్లాలంటే బాణం గుర్తులు నాలుగైదుసార్లు నొక్కాలి. మన పెద్దవాళ్లు నోరు తెరిచి అడగరు. "నాకేం పెద్ద చూడాలని లేదులేమ్మా" అని గదిలోకి వెళ్లి పడుకుంటారు. మా పిన్నిగారింట్లో అదే అయింది. 55 అంగుళాల టీవీ హాల్లో మెరుస్తోంది, ఆవిడ మాత్రం కోడలు బడి నుంచి వచ్చి ఛానల్ పెట్టేదాకా చూడకుండా కూర్చుంటోంది. బాగుచేయించడానికయ్యే ఖర్చు, కొత్తదానికయ్యే ఖర్చు పక్కపక్కన రాసుకునేటప్పుడు ఇది కూడా రాసుకోవాలి. మూడు వేలతో ఆ పాత టీవీ లేచి నిలబడుతుందంటే, ఇంట్లో పెద్దావిడ చేతికి అలవాటైన ఆ దారి కూడా నిలబడుతుంది.

తప్పనిసరై కొత్తది కొన్నా, బిగించడానికి వచ్చిన కుర్రాణ్ని వెంటనే పంపేయకండి. ఆన్ చేయగానే చివరిసారి చూసిన ఇన్‌పుటే వచ్చేలా చాలా టీవీల్లో సెట్టింగ్ ఉంటుంది. అది పెట్టించండి. పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ చేతే పదిసార్లు ఆన్ చేయించి, ఆఫ్ చేయించి, అప్పుడు అతన్ని పంపండి.

కొనడానికే నిశ్చయిస్తే తొందరపాటు మాత్రం వద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకి పైబడిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. మీ దగ్గర పాత కొటేషన్ ఉంటే అది పక్కనపెట్టి కొత్తగా అడగండి. నో కాస్ట్ ఈఎంఐ అంటే, మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని కూడా అడిగి చూడండి. ప్రాసెసింగ్ ఫీజు, వదులుకున్న డిస్కౌంటు కలిపితే వడ్డీ ఎక్కడ దాక్కుందో కనపడుతుంది. మీ ఊళ్లో ఆ కంపెనీకి సర్వీసు ఉందో లేదో దుకాణం వాళ్లని అడగొద్దు, ఆ టీవీ ఉన్న పక్కింటివాళ్లని అడగండి.

మెకానిక్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కస్టమర్ కేర్ నంబరు కోసం ఫోన్‌లో వెతికి, మొదట కనిపించినదానికి కొట్టేయకండి. కంపెనీ పేరు పెట్టుకుని మోసగాళ్లు కూడా అక్కడ నంబర్లు పెడుతున్నారు. "పది రూపాయలు రిజిస్ట్రేషన్ పంపండి, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అంటారు. టీవీ సంగతి దేవుడెరుగు, బ్యాంకులో డబ్బు పోతుంది. వారంటీ కార్డు మీదో, కొన్న బిల్లు మీదో ఉన్న నంబరుకే చేయండి. పొరపాటున డబ్బు పోయిందా, సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వారంటీలో ఉన్నా సర్వీసు వాళ్లు తిప్పించుకుంటుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇంటికొచ్చిన మెకానిక్ ఎవరైనా సరే, విప్పడం మన ఎదుటే జరగాలి, తీసిన పాత సామాను మనకి ఇచ్చి వెళ్లాలి, ఎన్ని నెలల హామీ ఇస్తున్నాడో కాగితం మీద రాసివ్వాలి. ఇంట్లో మగవాళ్లు లేకపోయినా ఇవన్నీ మనం అడగవచ్చు. నిలబడి అడిగితే చేసేవాళ్లూ శ్రద్ధగా చేస్తారు.

పోయిన టీవీని వీధిలో వచ్చే పాత సామాన్ల బండికి వేసేయకండమ్మా. పాత డబ్బా టీవీల గాజులో సీసం ఉంటుంది, తొలినాళ్ల ఎల్‌సీడీల లోపలి ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. రాగి కోసం వాటిని పగలగొట్టి కాల్చేది ఏ చిన్నపిల్లవాడో అవుతాడు. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద పాత టీవీలు సరైన రీసైక్లింగ్‌కి చేరేలా చూడాల్సిన బాధ్యత తయారుచేసిన కంపెనీలదే. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో కనుక్కోండి, లేదా కొత్తది కొనే దగ్గర ఎక్స్చేంజికి వేయండి. ఇచ్చేది వందలే అయినా వేయండి.

దానికి ముందు ఒక పని. స్మార్ట్ టీవీ అయితే అందులో మీ యూట్యూబ్, ఓటీటీ ఖాతాలు తెరిచే ఉంటాయి. బొమ్మ వస్తుంటే సెట్టింగుల్లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. బొమ్మ రాని టీవీ అయితే అందులోకి వెళ్లలేరు కాబట్టి మీ ఫోన్‌లో ఒక్కో యాప్ ఖాతా తెరిచి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ అన్నది నొక్కి, పాస్‌వర్డ్ మార్చేయండి. పాత టీవీ తీసుకెళ్లేవాళ్లు గుమ్మంలోకి వచ్చాక కాదు, ముందు రోజు రాత్రే చేసుకోండి.